నరసింహులు సార్ గదిలో రెండో కుర్చీ

ప్రొద్దుటూరు ఊరి బయట ఉన్న ఆ ఇంజనీరింగు కాలేజీలో లెక్కల సార్ నరసింహులు గది ఎక్కడని అడిగితే పిల్లలెవరూ గది నంబరు చెప్పరు. రెండు కుర్చీల రూము అంటారు. మిగతా సార్లకు ఒక బల్ల, ఒక కుర్చీ. వచ్చినవాళ్లు నిలబడాలి, చెప్పాల్సింది చెప్పుకోవాలి, పోవాలి. నరసింహులు మాత్రం ఇంకో కుర్చీ కావాలని కాలేజీవాళ్లను మూడు నెలలు అడిగి, వాళ్లు ఇదిగో అదిగో అంటుంటే విసుగుపుట్టి, సొంత జీతంతో చేతుల కుర్చీ ఒకటి కొని ఆటోలో వేయించుకుని వచ్చాడు. పిల్లల కోసం అనుకునేరు. కాదు. పిల్లలు ఆయన ముందు కూడా నిలబడే మాట్లాడాలి. ఆ కుర్చీ పిల్లల అమ్మానాయనల కోసం.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్క సార్‌కి ఇరవై నలుగురు పిల్లల్ని అప్పజెప్తారు. నాలుగేళ్లూ వాళ్ల మంచిచెడ్డలు ఆయనే చూసుకోవాలి. దీన్ని మెంటర్ పని అంటారు. ఎవరితో ఏం మాట్లాడారో రాయడానికి ఒక పుస్తకం కూడా ఇస్తారు. చాలామంది సార్లు ఆ పుస్తకాన్ని తనిఖీవాళ్లు వచ్చే ముందురోజు కూర్చుని ఒకే పెన్నుతో నింపేస్తారు. ‘విద్యార్థికి ధైర్యం చెప్పడమైనది’ అని ఇరవై నాలుగు పేజీల్లో ఇరవై నాలుగు సార్లు రాసి టీ తాగడానికి పోతారు. నరసింహులు అట్లాంటి మనిషి కాదు. ఆయనంటే గిట్టనివాళ్లు కూడా ఆ మాట ఒప్పుకుంటారు.

పైగా ఆయన ఏరి కోరి తీసుకునేది ఎవర్ని? ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ మెట్టు ఎక్కినవాళ్లను. ‘వాళ్లను నాకు ఇచ్చేయండప్పా, మీకెందుకు ఆ తలనొప్పి’ అని తోటి సార్ల దగ్గర అడిగి మరీ రాయించుకునేవాడు. సప్లీ వస్తే ఉరి పోసుకోనక్కర్లేదని, మళ్లీ రాసుకోవచ్చని చెప్పేవాడు. వైవాలో తెలియకపోతే తెలియదు సార్ అనాలి గానీ గోడకేసి చూస్తూ చెమటలు కార్చకూడదని చెప్పేవాడు. చదువుకున్న ఇళ్లలో పిల్లలకు అన్నంతోపాటు తెలిసిపోయే సంగతులు ఇవన్నీ. ఈ పిల్లలకు ఎవరు చెప్తారు?

నెలకొకసారి ఇంటికి ఫోన్ చేస్తాడు. ఏడాదికొకసారి ఇంటి పెద్దవాళ్లలో ఒకరు కాలేజీకి రావాలి, ఆ కుర్చీలో కూర్చోవాలి. ఈ రెండోది కాలేజీ పెట్టిన నిబంధన కాదు. నరసింహులు సొంతంగా పెట్టుకున్నది. ఖాజీపేట నుంచి ఓబులమ్మ అనే కూలిమనిషి పసుపు అంటిన చేతులతోనే వచ్చింది ఒకసారి. ఆమె కొడుకు వెంకటసాయి సిగ్గుతో తలుపు అవతలే నిలబడ్డాడు. ఓబులమ్మ కుర్చీ అంచున కూర్చుని, దాని చేతులు రెండూ తడిమి, “ఈ మాదిరి కుర్చీలోనే కూర్చుంటాడా సార్ మా పిల్లోడు, సదువు అయిపోయినాక?” అని అడిగింది. ఆ రోజు నరసింహులు ఇంటికి పోయి భార్యతో ఆ మాటే నాలుగుసార్లు చెప్పాడు. 

ఈ పట్టుదల ఆయనకు ఊరికే రాలేదు. ఆయనది సింహాద్రిపురం. నాయన చీనీ, అంటే బత్తాయి తోటల్లో పాదులు తవ్వేవాడు. కొడుకు పులివెందులలో డిగ్రీ చదివేటప్పుడు ఒక తగాదాలో ఇరుక్కుంటే, మీ నాయన్ని పిల్చుకుని రా, లేకుంటే హాల్‌టికెట్ ఇయ్యం అన్నారు. ఆ పెద్దాయన పొద్దున బస్సుకే వచ్చాడు. గేటు దాకా వచ్చి, లోపల తిరుగుతున్న ప్యాంట్లూ బూట్లూ చూసి, సాయంత్రం దాకా గేటు బయట నిలబడి తిరిగి వెళ్లిపోయాడు. నరసింహులుకి ఏడాది పోయింది. దాన్నుంచి ఆయన నేర్చుకున్నదేమిటంటే, మా నాయనకు ఎవరైనా కుర్చీ వేసి కూర్చోమని ఉంటే బాగుండేదే అని. మా నాయన్ని రమ్మనకుండా ఉంటే బాగుండేదే అని మాత్రం ఒక్కనాడు కూడా తోచలేదు మహానుభావుడికి.

ఆయన లెక్కలోకి నిఖత్ వచ్చింది మొదటి సంవత్సరంలోనే. జమ్మలమడుగు పిల్ల. రోజూ బస్సులో వచ్చి పోతుంది. సన్నగా, తల మీద దుపట్టా జారకుండా ఒక చేత్తో పట్టుకుని, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పేది. అదీ వినపడాలంటే మనం ముందుకు వంగాలి. ఆమె రాసిచ్చిన ఫారంలో తండ్రి లేడు. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో దుమ్ము మింగి మింగి ఆ పిల్ల ఏడో తరగతిలో ఉన్నప్పుడే పోయాడు. తల్లి పేరు గుల్జార్‌బీ, చదువు లేదు. ఇంట్లో ఇంకొకరు నాయనమ్మ ఖాజాబీ. కింద తల్లి ఫోన్ నంబరు.

నరసింహులు పిల్లలు దగ్గరున్నప్పుడు ఎప్పుడూ ఇంటికి ఫోన్ చేయడు. పిల్ల ముందర తల్లిదండ్రులు నోరు విప్పరని ఆయన నమ్మకం. సాయంత్రం ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, వరండాలో కూర్చుని చేస్తాడు. గుల్జార్‌బీకి మొదటిసారి చేసినప్పుడు అవతల నుంచి గట్టి గొంతు పలికింది.

“ఎవురు? కాలేజీ సారా? చెప్పండి సార్. బువ్వ తిన్నారా?”

నరసింహులుకి నవ్వొచ్చింది. ఇంత ధైర్యంగా మాట్లాడే ఆడమనిషికి ఆ పిల్ల ఎట్లా పుట్టిందో అనుకున్నాడు. “మీ పాప నోరు తెరవదమ్మా” అన్నాడు.

“అదేం చేస్తాది సార్, మీరందరూ ఇంగ్లీషులో దంచుతాంటే. పాపకు తల తిరుగుతాందంట. లెక్క ఒకసారి తెలుగులో చెప్పి, మళ్లా మీ ఇంగ్లీషులో చెప్పండి. మీ సొమ్మేం పోతాది?”

మరుసటిరోజు నుంచి ఆయన ప్రతి లెక్కా ముందు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. నిఖత్ ఒక్కతే కాదు, వెనక బెంచీలన్నీ తల ఎత్తి చూశాయి. ఇంకో నెల గుల్జార్‌బీ, ల్యాబులో మొగపిల్లోళ్లు కంప్యూటర్ ముట్టుకోనీడంలేదంట, ఈ పిల్ల వెనకాల నిలబడి చూసి వస్తాందంట అని చెప్పింది. ఆయన పోయి ల్యాబులో ఆడపిల్లలకు వేరే వరుస వేయించాడు. సెలవుల్లో నేర్చుకోవడానికి ఏదైనా చోటు ఉందా సార్ అని ఇంకోసారి అడిగింది. అదీ చూశాడు. రెండేళ్లలో ఆ తల్లి అడిగిన పనుల్లో ఒక్కటి కూడా కాదనలేదు. పుస్తకంలో నిఖత్ పేజీలో రాసుకున్నాడు: ‘తల్లి చాలా తెలివైన మనిషి. పాపకు ఆ చొరవ లేదు.’

ఒకటే కొరత. గుల్జార్‌బీ కాలేజీకి రాలేదు. మొదటి ఏడాది జ్వరమంది. రెండో ఏడాది ఇంట్లో అత్తకు పక్షవాతం వచ్చింది, ఇడిసిపెట్టి రాలేనంది. సరేలే అని ఊరుకున్నాడు గానీ మనసులో ముల్లు ఉండిపోయింది.

మూడో సంవత్సరంలో నిఖత్ హాజరు పడిపోవడం మొదలైంది. వారానికి రెండు రోజులు రాదు. వచ్చిన రోజు కూడా మూడున్నర కాకముందే బస్సు టైమని పరిగెత్తేది. నరసింహులు ఫోన్ చేస్తే గుల్జార్‌బీ తొణక్కుండా చెప్పింది.

“నేనే నిలిపినా సార్. అవ్వను లేపల్ల, కూర్చోబెట్టల్ల. నా ఒక్కదాని చేత కాలేదు.”

“అమ్మా, అది మీరు చేసుకోవాల్సిన పని. పాప చేత చేయిస్తే ఎట్లా?”

“మీరు చెప్పేది నిజమే సార్. నేను చేసుకోవాల్సిన పనే.” ఆ గొంతు అంతసేపు ఆగడం ఆయన అదివరకు వినలేదు. “ఈసారికి ఏమనుకోవద్దండి.”

ఏమనుకోకుండా ఎట్లా ఉంటాడు? ఆయనకు ఒళ్లు మండిపోయింది. మాటలు తియ్యగా చెప్పి, పిల్లను ఇంటి చాకిరీకి పెట్టుకుందని అనుకున్నాడు. ఇట్లాంటి తల్లిని ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టి గట్టిగా అడగాలని నిశ్చయించుకున్నాడు.

సెమిస్టరు ఆఖరుకు లెక్క తేలింది. నిఖత్ హాజరు నూటికి అరవై ఎనిమిది. డెబ్బై ఐదు ఉంటే పరీక్ష రాయొచ్చు. అరవై ఐదుకు తగ్గితే డిటైన్, అంటే ఆ ఏడాది పోయినట్టే. మధ్యలో ఉన్నవాళ్లకు ఒక దారి ఉంది. కండోనేషన్ ఫారం మీద కారణం రాసి, ఇంటివాళ్ల సంతకం, మెంటర్ సంతకం పెట్టించి ఇస్తే క్షమించి పరీక్షకు కూర్చోనిస్తారు. శుక్రవారం నాలుగు గంటలు ఆఖరి గడువు. అది దాటితే నిఖత్ తన కిందివాళ్లతో మళ్లీ అదే ఏడాది చదవాలి. మళ్లీ చదివేవాళ్లకు సర్కారు ఫీజు కట్టదు. ఆ ఇంట్లో ఫీజు కట్టే శక్తి లేదు. అంటే చదువే పోయినట్టు. ఈ సంగతి నిఖత్‌కూ తెలుసు, నరసింహులుకూ తెలుసు.

మంగళవారం నిఖత్ ఫారం తెచ్చింది. బల్లకు అవతల, ఆ ఖాళీ కుర్చీ పక్కనే నిలబడింది. నరసింహులు సంతకం కేసి చూశాడు. ‘గుల్జార్‌బీ’ అని తెలుగులో గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు.

“మీ అమ్మకు చదువు రాదని నువ్వే రాసినావు గదా?”

నిఖత్ పక్కనున్న ఖాళీ కుర్చీ కేసి చూసింది.

“ఎవరు పెట్టినారు ఇది?”

“అమ్మే సార్.”

“నా కండ్లల్లోకి చూసి చెప్పు.”

చూడలేకపోయింది. దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆయన ఫారం వెనక్కి తోసేశాడు. “మీ అమ్మను రమ్మను. నా ముందర కూర్చుని పెట్టమను. అప్పుడు నేను పెడతా. ఇంకెవర్నో తెచ్చి మా అమ్మ అని చూపిద్దామనుకుంటాండావేమో, మీ అమ్మ గొంతు నాకు బాగా తెలుసు. రెండేండ్ల నుంచి మాట్లాడతాండా ఆమెతో.”

ఆ మాటకు నిఖత్ తలెత్తి ఆయన్ని చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. నరసింహులు అప్పటికే తర్వాతి పిల్లవాడి ఫారం చేతికి తీసుకున్నాడు. ఒక్క నిమిషం ఆగి ఉంటే ఏం పోయేది? వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు, అంతే కదా.

విభాగానికి పెద్ద శరత్ చంద్ర. వయసులో నరసింహులు కంటే పదిహేనేళ్లు చిన్న. ఆయనకు ఈ సంగతి చెవిన పడి గదికి వచ్చాడు. “సార్, అమ్మానాయన రావాలని రూల్లో లేదు గదా. సంతకం ఉంటే చాలు. అందరివీ అట్లే తీసుకుంటాండాం.”

“అందరి సంగతి నాకెందుకప్పా. ఇది దొంగ సంతకం. తల్లికి తెలీకుండానే పెట్టింది.”

“తెలిసే పెట్టిందేమో. మీరు సంతకం చేయకుండా నేను పైకి పంపలేను సార్. ఆలోచించండి.”

“ఆమె వస్తాది చూడు. బిడ్డ ఏడాది పోతాదంటే ఏ తల్లి రాదు?” అన్నాడు నరసింహులు. నిజంగానే నమ్మాడు. వస్తుందని, కూర్చుంటుందని, తను నాలుగు మాటలంటే కంటతడి పెట్టుకుంటుందని, ఆ తర్వాత తాను సంతకం పెట్టి పిల్లను గట్టెక్కిస్తానని లెక్క వేసుకున్నాడు. లెక్కల సార్ కదా.

గురువారం సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు.

“సంతకం నాదే సార్” అంది గుల్జార్‌బీ. “మా పాప నేర్పించింది.”

“మంచిదేనమ్మా. రేపొచ్చి నా ముందర ఒకసారి పెట్టండి.”

“రాలేను సార్.”

“ఎందుకు రాలేరు? జమ్మలమడుగు ఏమన్నా ఢిల్లీయా? బస్సెక్కితే గంట. బిడ్డ చదువుకంటే ఎక్కువ పనేముంది మీకు?”

 ఆ గొంతు సన్నబడింది. “సార్, మీకు దండం పెడతా. నేను వచ్చినట్టే అనుకోండి. మీ ముందర కుర్చీలో కూర్చున్నట్టే అనుకోండి. మీరు తిట్టాల్సిందంతా ఇప్పుడు తిట్టండి, నేను వింటా. పాపకు మాత్రం సంతకం పెట్టండి సార్.”

“ఫోన్లో అయ్యేది కాదమ్మా ఇది. రేపు నాలుగు గంటలదాకా చూస్తా” అని పెట్టేశాడు.

మాట తప్పలేదు. శుక్రవారం నాలుగు గంటలదాకా, ఆ తర్వాత ఇంకో అరగంట కూడా చూశాడు. గుల్జార్‌బీ రాలేదు. నిఖత్ కూడా రాలేదు. సోమవారం నోటీసు బోర్డు మీద డిటైన్ అయినవాళ్ల పేర్లు పెట్టారు. మొత్తం పదకొండు మంది. పదిమంది హాజరు అరవై ఐదుకు కింద ఉన్నవాళ్లు. అరవై ఎనిమిదితో ఆ జాబితాకు ఎక్కిన పేరు ఒకటే.

నరసింహులు పుస్తకం తీసి నిఖత్ పేజీలో ‘తల్లి సహకరించలేదు’ అని రాశాడు. కోపం చల్లారలేదు. కోపమో, మరేదో, రాత్రి పక్క మీద పొర్లించింది గానీ దాని పేరు అడగలేదు ఆయన. పరీక్షలయ్యాయి. సెలవులయ్యాయి. కొత్త సెమిస్టరు మొదలై వారమైనా నిఖత్ టీసీ కోసం కూడా రాలేదు. క్లాసులో నాలుగో బెంచీ చివర ఖాళీ మీదికి కన్ను పోతుంటే, తెలుగులో లెక్క చెప్పడం మధ్యలో మర్చిపోయి ఇంగ్లీషులోకి జారిపోయేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఉండబట్టలేక జమ్మలమడుగు బస్సెక్కాడు. ఆ తల్లి రాకపోతే నేనే పోతా, ఇంటి ముందర నిలబడి అడుగుతా అని దారి పొడవునా మాటలు కూడబెట్టుకున్నాడు. ఫారంలో రాసిన అడ్రసు పట్టుకుని రెండు సందులు తిరిగి, ఒక రేకుల ఇంటి ముందు ఆగాడు. తలుపు తెరిచే ఉంది. లోపల నులక మంచం మీద ఒక ముసలామె. ఒక చెయ్యి, ఒక కాలు చచ్చుబడి ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచీతో గుమ్మంలో నిలబడిన మనిషిని చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

“కువైట్ నుంచి వొచ్చినావా నాయనా? మా గుల్జార్ బాగుండాదా? జీతం ఇస్తాండారా దానికి?”

నరసింహులు అట్లాగే నిలబడిపోయాడు. పక్కింటి నుంచి ఒక నడివయసు ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆమె పేరు తహసీన్. ఇప్పుడు పగటిపూట ఖాజాబీకి అన్నం పెట్టి, పక్క మార్చేది ఆమే. నిఖత్ వాళ్ల సార్ని అని చెప్తే, కొంచెంసేపు ఆయన్ని ఎగాదిగా చూసి, అరుగు మీద కూర్చోమంది.

“గుల్జార్‌బీ ఇంట్లో లేదా?” అన్నాడు.

“ఇంట్లో యాడ సార్? కువైట్ పోయి ఐదేండ్లాయ. నిఖత్ అప్పుడు ఇంటర్ మొదటేడు.”

“నేను ఆమెతో ఫోన్లో మాట్లాడినా గదమ్మా. నెల నెలా.”

తహసీన్ ఆయన చెప్పిన నంబరు విని తల అడ్డంగా ఊపింది. “ఆ నంబరు నిఖత్‌దే గదా సార్. దాని ఫోన్లో రెండో సిమ్ము. మీతో మాట్లాడేది అదే. ఇదో, ఈ అరుగు మీద కూర్చునే మాట్లాడతాండె. వాళ్లమ్మ మాదిరే గొంతు పెట్టి మాట్లాడేది. ఫోన్ పెట్టేసినాక నవ్వుతాండె పాపం, సార్ ఒప్పుకున్నాడు ఆంటీ, రేపటి నుంచి తెలుగులో చెప్తాడంట అని.”

 తహసీనే చెప్పుకుంటూ పోయింది. గుల్జార్‌బీ ఇంటిపనికని పోయింది. ఆ ఇంటివాళ్లు కొట్టి, ఎనిమిది నెలలు జీతం ఇవ్వకపోతే పారిపోయింది. పాస్‌పోర్టు ఆ సేట్ దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు కాగితాలు లేకుండా దాక్కుని నాలుగిళ్లలో పని చేసుకుంటుంది. అట్లాంటివాళ్లను అక్కడ ఖల్లివల్లి అంటారు. దొరికితే జైలు. అందుకే కూతురికి ఒట్టు పెట్టించుకుంది: రిజిస్టరు చేతిలో ఉన్న మనిషికి, ఎవరికైనా సరే, నేను యాడుండానో చెప్పద్దు.

“కాలేజీ రిజిస్టరుకూ కువైట్ పోలీసులకూ ఏం సంబంధమమ్మా” అన్నాడు నరసింహులు. 

“మీకు తెలుసు సార్. మాకేం తెలుసు? ఆ ఆఖరి గడువు రోజు పొద్దున కూడా పిల్ల నన్ను అడిగింది, చెప్పేద్దునా ఆంటీ సార్‌కి, చెప్తే ఏమన్నా అయితాదా అని. నేనే వద్దంటి. అమ్మకేమన్నా అయితే నీకు ఇంగెవురుండారే అంటి.” తహసీన్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “పులివెందుల దారిలో బట్టలు కుట్టే కంపెనీలో చేరిపోయింది. పొద్దున ఆరుకు కంపెనీ బస్సు. చీకటి పడినాక వస్తాది.”

నరసింహులుకి ఏడుపొచ్చింది. ఊరుగాని ఊళ్లో, వాళ్ల అరుగు మీద, పరాయి ఆడమనిషి ముందు, యాభై రెండేళ్ల మనిషి ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఒక్క మాట. కువైట్‌లో ఉంది సార్ అని ఒక్క మాట ఆ పిల్ల చెప్పి ఉంటే, కుర్చీ ఊసు ఎత్తకుండా అక్కడికక్కడే సంతకం పెట్టేవాడు. కానీ ఆ పిల్లను తాను ఏనాడు అడిగాడు? రెండున్నరేళ్లు. నీకేం కష్టమమ్మా అని నిఖత్‌ని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాల్సినవన్నీ తల్లిని అడిగాడు. తిట్టాల్సిందంతా ఇప్పుడు తిట్టండి, వింటా అన్నప్పుడు ఆ పిల్ల ఈ అరుగు మీద ఒంటరిగా కూర్చుని ఉండింది. ఛీ, నీ బతుకు చెడ అని తనను తానే తిట్టుకున్నాడు.

తహసీన్ నీళ్లిచ్చింది. తాగి, సందు చివరికి నడిచి, ఫోన్ తీసి ఆ నంబరే నొక్కాడు. చాలాసేపు మోగింది. ఎత్తగానే వెనక వరుసగా కుట్టుమిషన్ల మోత వినిపించింది.

“చెప్పండి సార్” అంది గుల్జార్‌బీ గొంతు.

ఆయనకు పేరు పెట్టి పిలవాలనిపించింది. నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. “అమ్మా... నేను జమ్మలమడుగులో ఉండాను. మీ ఇంటికి వచ్చినా.”

మిషన్ల మోత ఒక్కటే వినపడింది కాసేపు. ఆమెకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసింది.

“అవ్వ బాగుందా సార్? మందు ఏసుకున్న్యాదా?”

“బాగుంది. అమ్మా, తప్పు నాది. మీరు ఎవరూ రానక్కర్లేదు. వచ్చే ఏడాదికి ఫారం నేనే నింపుతా, సంతకాలన్నీ నేనే పెడతా. ఫీజు ఏదో ఒకటి చేద్దాం. పాపను మళ్లీ పంపండి.”

“ఇంగ యాడ సార్.” కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నా బాగుండేది. “పాపకు ఈడ నెల జీతం వస్తాంది. అవ్వ మందులకు సరిపోతాంది. మీరు పెద్ద మనసుతో చెప్పినారు, చాలు.”

“పాప నా మీద...”

“ఏమీ అనుకోలేదు సార్. లెక్కలు మీరు శానా బాగా చెప్తారని అంటాంటాది.”

నరసింహులు గోడకు చెయ్యి ఆన్చుకున్నాడు. “అమ్మా, ఒకసారి పాపకు ఫోన్ ఇస్తారా? నేను పాపతో మాట్లాడల్ల.”

అవతల ఎవరో మగమనిషి, “ఏమే నిఖత్, లైన్ ఆగిపోయింది, యాడ పోయినావు?” అని అరిచాడు. ఆ అరుపు నరసింహులు విన్నాడు. ఆయన విన్నాడని ఆమెకు కూడా తెలుసు. అయినా ఆ గొంతు మారలేదు.

“పాప ల్యాదు సార్” అంది. “చెప్పేదేమన్నా ఉంటే నాకే చెప్పండి. ఎప్పుడూ నాకే గదా చెప్తాండె మీరు.”

ఆయన ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకున్నాడు. ఆమె “ఉంటా సార్, పనుండాది” అని ఫోన్ పెట్టేసింది.